ఆరు పేంచ్‌ల బొమ్మ: ఆటగాళ్ళకు రాబోయే పనులు చెప్పడం నేర్చుకున్న నా అనుభవం

మాదాపూర్‌లోని ఒక చిన్న గేమ్ స్టూడియోలో ఆటగాళ్ళతో మాట్లాడే బాధ్యత నాది. మేము మొత్తం పదకొండు మందిమి. మా ఆట ఫోన్‌లో ఆడే ఆన్‌లైన్ పతంగుల పోటీ. ఇద్దరు ఆటగాళ్ళు ఎక్కడెక్కడో కూర్చుని ఒకే ఆకాశంలో పతంగులు ఎగరేస్తారు, మాంజాలు పెనవేసుకుంటాయి (దాన్నే పేంచ్ అంటారు), ఢీల్ వదలడమా, అంటే మాంజాను వదులు చేయడమా, లాగడమా అన్నది ఆ క్షణంలో తేల్చుకున్నవాళ్ళు గెలుస్తారు. ఆడేవాళ్ళలో ఎక్కువమంది హైదరాబాద్ బస్తీల పిల్లలు, డిగ్రీ విద్యార్థులు, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళు. వాళ్ళకు మేము ముందుముందు ఏం చేయబోతున్నామో చెప్పడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో నాకు అర్థం కావడానికి ఒక సంక్రాంతి పోవలసి వచ్చింది.

2022 దసరాకు మేము ఒక పోస్టర్ విడుదల చేశాము. "రాబోయే ఆరు నెలలు" అన్న శీర్షిక కింద ఐదు గడులు, ప్రతి గడిలో ఒక బొమ్మ, ఒక నెల. మూడో గడిలో "సంక్రాంతి: ఇద్దరికి ఇద్దరు, జట్టు పోటీ" అని రాశాము. అడుగున చిన్న అక్షరాలతో "మార్పులు ఉండవచ్చు" అన్న మాట చేర్చింది నేనే, ఆ మాట మమ్మల్ని కాపాడుతుందని నిజంగానే నమ్మాను. అదే వారం మా ఆటలోని అంగట్లో 149 రూపాయలకు "జట్టు చరఖా" (చరఖా అంటే మాంజా చుట్టుకునేది) అన్న కొత్త వస్తువును కూడా అమ్మకానికి పెట్టారు. జట్టు పోటీ వచ్చాకే దానికి పూర్తి ఉపయోగం ఉంటుంది. రాని ఆటకు ముందే డబ్బు తీసుకుంటున్నామన్న సంగతి ఆ రోజు మాలో ఎవరమూ గట్టిగా ఆలోచించలేదు.

డిసెంబరు రెండో వారానికి పని ఎక్కడ ఆగిందో స్పష్టంగా తెలిసిపోయింది. ఒకరితో ఒకరు ఆడే పోటీలో ఎవరి మాంజా లెక్కను వాళ్ళ ఫోనే చేసుకునేది, అందరి ఫోన్లనూ కలిపే మా కంప్యూటర్, అంటే సర్వర్, తీర్పు మాత్రం చెప్పేది. ఆకాశంలో రెండు పతంగులుంటే కలిసే మాంజాల జత ఒక్కటే. నాలుగు పతంగులుంటే ఆ జతలు ఆరు. సొంత జట్టు వాళ్ళ మాంజాలు కూడా నిజమైన మేడ మీద లాగే చిక్కుపడాలన్నది మేము మొదటి నుంచీ పట్టుబట్టిన విషయం కాబట్టి ఆరింటిలో ఒక్కటి కూడా వదులుకోలేదు. 3 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లు పది నిమిషాల్లో కాలిపోతున్నంత వేడెక్కేవి. నలుగురిలో ఒకరు మెట్రోలో ఉండి సిగ్నల్ పోతే మిగిలిన ముగ్గురి పతంగులు గాలిలో గడ్డకట్టినట్టు నిలిచిపోయేవి. లెక్క మొత్తాన్ని సర్వర్‌కు మార్చాలని, సంక్రాంతి మాట అటుంచి ఎండాకాలానికి కూడా మాట ఇవ్వలేనని మా ప్రధాన ప్రోగ్రామర్ చెప్పారు. ఆటగాళ్ళకు ఏం చెప్పమంటారని నేను సమావేశంలో అడిగాను. "పండగ ముందు చెడు వార్త ఎందుకు, ఇంకా చూద్దాం" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాత నెల రోజుల పాటు ఎవరడిగినా "పని జరుగుతోంది" అని జవాబు రాశాను. ఆ జవాబులో అబద్ధం లేదు, కానీ నాకు తెలిసిన నిజం కూడా లేదు.

భోగి రోజు ఉదయం నుంచే సందేశాలు మొదలయ్యాయి. రాత్రికి ఆటగాళ్ళు మాతో మాట్లాడే డిస్కార్డ్ యాప్‌లోని మా గదుల్లో నేను చదవగలిగినదాని కంటే ఎక్కువ కోపం పేరుకుంది. వాటిలో ఒక సందేశం మాత్రం తిట్టలేదు. "అక్కా, మీరు చెప్పిన సంక్రాంతి ఈ ఏడాదిదా, వచ్చే ఏడాదిదా? గది ముందే చెప్తే సరిపోతుండె" అని ఉంది. రాసింది మలక్‌పేటలో అన్నతో కలిసి సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక అబ్బాయి. మా ఆటలో ముప్పై మంది ఉన్న జట్టుకు నాయకుడు.

పండగ సెలవులయ్యాక అతని అనుమతి అడిగి దుకాణానికి వెళ్ళాను. అతను ముందున్న ఫోన్ విప్పి, భూతద్దం పెట్టుకుని పనిచేస్తూనే మాట్లాడాడు. "మా బస్తీ పిల్లలు నలుగురు నెల రోజులు పైసలు జమ చేసి జట్టు చరఖాలు కొన్నరక్కా. ఆట రాలేదని కాదు బాధ. రాదని మీకు ముందుగాలనే ఎరుకైనా చెప్పలేదు, గదీ బాధ" అన్నాడు. తర్వాత ఆ విప్పిన ఫోన్‌ను చూపించి, "దీని ఓనరుకు రేపు ఇస్తనన్న. పార్టు దొరకలే. ఇయ్యాల పొద్దుగాలనే ఫోన్ చేసి చెప్పిన. తిట్టిండు, గని మళ్ళ నా దగ్గరికే వస్తడు" అన్నాడు. నేను ఏడేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం గురించి అంత సూటిగా ఎవరూ నాతో మాట్లాడలేదు.

మేము చేసిన మొదటి పని డబ్బు తిరిగి ఇవ్వడం. జట్టు చరఖా కొన్న అందరికీ 149 రూపాయలు వెనక్కి పంపి, చరఖాను వాళ్ళ దగ్గరే ఉంచాము. దీనికి మా యజమానిని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఇంకా తయారుకాని దాని పేరు మీద ఏ వస్తువునూ అమ్మకూడదన్న నియమం కూడా అప్పుడే పెట్టుకున్నాము. ఆ నియమం లేకుండా మిగిలిన మాటలన్నీ ఎంత బాగా రాసినా ఎవరూ నమ్మరని నా అభిప్రాయం.

ఆ తర్వాత ఇతరులు ఏం చేశారో కూర్చుని చదివాను. బ్రిటన్‌లోని హలో గేమ్స్ 2016 ఆగస్టులో నో మ్యాన్స్ స్కై అన్న ఆటను విడుదల చేసినప్పుడు, అందులో ఆటగాళ్ళు ఒకరినొకరు కలుసుకోగలరన్న ఆశతో కొన్నవాళ్ళు చాలామంది నిరాశపడ్డారు. ఆ స్టూడియో కొన్ని నెలలు దాదాపు మౌనంగా ఉండిపోయి, నవంబరులో పెద్ద అప్‌డేట్‌ను ఉచితంగా ఇచ్చింది. కలిసి ఆడే పూర్తి సౌకర్యం 2018 జూలైలో వచ్చింది. పని పూర్తయ్యాకే నోరు విప్పడం అన్న ఆ పద్ధతి ఒకసారి డబ్బు కట్టి కొనుక్కునే ఆటకు సరిపోవచ్చు. రోజూ తెరిచి ఆడే మా వంటి ఆటలో మూడు నెలల మౌనం అంటే దుకాణం మూసినట్టే.

నాకు దగ్గరగా అనిపించింది ఫైనల్ ఫాంటసీ 14 కథ. 2010 సెప్టెంబరులో విడుదలై విఫలమైన ఆ ఆట బాధ్యతను అదే డిసెంబరులో నవోకి యోషిదాకు అప్పగించారు. ఆయన నిర్మాత లేఖలు అన్న పేరుతో ఆటగాళ్ళకు నేరుగా రాయడం మొదలుపెట్టారు. పాత ఆటను నడుపుతూనే కొత్తదాన్ని మొదటి నుంచి కడుతున్నామని చెప్పి, 2012 నవంబరులో పాత సర్వర్లు మూసి, 2013 ఆగస్టులో కొత్త ఆటను తెరిచారు. మూసివేతను కూడా ఆటగాళ్ళకు ముందుగా చెప్పి, వాళ్ళను ఆ ప్రయాణంలో వెంట ఉంచుకోవడం నన్ను ఆకట్టుకుంది. 2013లో మొదలైన ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మరో దారి తొక్కింది. అక్కడ కొత్త మార్పులను ఆటగాళ్ళ ఓటింగ్‌కు పెట్టేవారు, మొదట్లో 75 శాతం మంది ఒప్పుకుంటేనే ఆ మార్పు ఆటలోకి వచ్చేది. దీని మీద మా ఆఫీసులో చాలా చర్చ జరిగింది. నేను వద్దన్నాను. మా దగ్గర ఓటు వేసేది రోజుకు నాలుగు గంటలు ఆడే కొద్దిమంది, నిన్న మొన్న చేరిన పిల్లలు ఓటింగ్ జరుగుతున్నదని కూడా గమనించరు.

మేము చివరికి కట్టుకున్న పద్ధతిలో నెలలు లేవు. పని ఏ స్థితిలో ఉన్నదో చెప్పే వరుసలు మాత్రమే ఉంటాయి. ఇక్కడ తెలుగు క్రియాపదాలు మాకు పెద్ద సహాయం చేశాయి, అంతకు ముందు పెద్ద ఇబ్బంది పెట్టింది కూడా అవే. "చేస్తాం" అన్న మాట రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ, ఇచ్చిన మాటకీ ఒకటే, వినేవాళ్ళు మాత్రం దాన్ని ఇచ్చిన మాటగానే వింటారు. అందుకని నేను ఒక చీటీ రాసి నా మానిటర్ పక్కన అంటించుకున్నాను. ఒక పని పరీక్షలన్నీ దాటి యాప్ స్టోర్లకు పంపిన తర్వాతే "చేస్తాం" అనాలి, తేదీ కూడా అప్పుడే చెప్పాలి. ఆ పని మీద ఈ వారం ఒక మనిషి కూర్చుని ఉంటేనే "చేస్తున్నాం" అనాలి. మిగిలినదంతా "ఆలోచిస్తున్నాం". "త్వరలో" అన్న మాట మొత్తానికే తీసేశాము. మొదటి నెలలో అలవాటు కొద్దీ ఆ మాట రాసి, పంపేముందు కొట్టేసిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

నాలుగో వరుస "చేయం". అది పెట్టడానికి మొదట అందరూ భయపడ్డారు. ఆటగాళ్ళు పదే పదే అడిగేవి రెండు: చైనా మాంజా, డబ్బు పందేలు. చైనా మాంజాను ఆటలోకి తీసుకురాబోమని, నైలాన్ మాంజా పక్షులనూ మనుషులనూ కోస్తున్నందువల్ల 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా దాన్ని నిషేధించిందని, పిల్లలు ఆడే ఆటలో దాన్ని బహుమతిగా చూపించలేమని రాశాము. పందేలు తెలంగాణలో 2017 నుంచి ఆన్‌లైన్‌లో కూడా చట్టవిరుద్ధమని, చట్టం లేకపోయినా మేము పెట్టబోమని రాశాము. ఆ రెండు వాక్యాల తర్వాత ఆ ప్రశ్నలు దాదాపు ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి "చూద్దాం" అంటూ మేమే వాటిని బతికించామని అప్పుడు అర్థమైంది.

ఏ పని గురించి చెప్పినా కింద కారణం రాయాలన్న నా ప్రతిపాదనకు అభ్యంతరాలు వచ్చాయి. పోటీ స్టూడియోలు కాపీ కొడతాయని ఒకరు, సాంకేతిక విషయాలు ఎవరికి అర్థమవుతాయని మరొకరు అన్నారు. మా ప్రధాన ప్రోగ్రామర్ భయం వేరు: కారణం చెబితే ప్రతి వాళ్ళూ సలహా చెబుతారని, ఆ సలహాలకు జవాబులు చెబుతూ పని ఆగిపోతుందని. ఇది న్యాయమైన భయమే కాబట్టి, సలహాలు చదివి వడబోసే పని నాదేనని, వారానికి ఒకటికి మించి ఆయన ముందుకు తీసుకురానని మాట ఇచ్చాను.

మే నెలలో ఒక శుక్రవారం, జట్టు పోటీ ఎందుకు ఆగిందో తెల్ల కాగితం మీద బొమ్మ గీశాను. నాలుగు మూలల్లో నాలుగు పతంగులు, ప్రతి దాని నుంచి మిగిలిన మూడింటికీ ఎర్ర పెన్సిల్‌తో గీతలు. మొత్తం ఆరు గీతలు. "రెండు పతంగులకు ఒక్క పేంచ్, నాలుగు పతంగులకు ఆరు పేంచ్‌లు, మీ ఫోన్ ఈ ఆరింటినీ ఒక్కసారే లెక్క కట్టలేకపోతోంది" అని తెలుగులోనూ, హైదరాబాదీ హిందీలోనూ రాసి, కాగితాన్ని ఫోటో తీసి పెట్టాను. నేను రాసిన వాటిలో అంత త్వరగా అందరికీ అర్థమైనది మరొకటి లేదు. నిజమైన పతంగులు ఎగరేసిన పిల్లలకు ఆ ఎర్రగీతలు పాఠం చెప్పవలసినవి కావు, వాళ్ళ చేతివేళ్ళకు తెలిసిన సంగతే.

అదే నెలలో బ్లిజార్డ్ సంస్థ ఓవర్‌వాచ్ 2 అన్న ఆటలో 2019 నుంచి చెబుతూ వచ్చిన హీరో మోడ్‌ను (ఆటగాళ్ళు కలిసి కంప్యూటర్ నడిపే శత్రువులతో ఆడే భాగాన్ని) మానుకుంటున్నామని ప్రకటించింది. దాని మీద ఆటగాళ్ళు రాసినవి నేను రాత్రి చాలాసేపు చదివాను. మానుకున్నందుకు ఉన్న కోపం కంటే ఎదురుచూసిన ఏళ్ళ మీద ఉన్న బాధే వాటిలో ఎక్కువగా నాకు కనిపించింది. మర్నాడు ఆఫీసులో, మా "ఆలోచిస్తున్నాం" వరుసలో ఏడాది దాటినదేదీ ఊరికే ఉండకూడదని, ముందుకన్నా జరగాలి, "చేయం"లోకన్నా వెళ్ళాలి అని అడిగి ఒప్పించుకున్నాను.

ఎర్రగీతల బొమ్మకు వచ్చిన జవాబుల్లో ఒకటి ధూల్‌పేట నుంచి వచ్చింది. ఇంటిల్లిపాదీ పతంగులు కట్టే కుటుంబంలోని అబ్బాయి గొంతు రికార్డు చేసి పంపాడు. "అక్కా, మేడ మీద మేమిద్దరం ఒక్క దిక్కుకెళ్ళి ఎగరేస్తే నాది మీద ఉంటది, మా తమ్మునిది కింద ఉంటది. మా మాంజాలు మేం కలవనియ్యం. కలిస్తే వాడు కొత్తోడని నవ్వుతరు. మీ బొమ్మల ఆ రెండు గీతలు ఎందుకు?" అని అడిగాడు. ఆ వారం నేను ప్రోగ్రామర్ ముందుకు తీసుకెళ్ళిన ఒక్క సలహా అదే. ఆయన రెండుసార్లు విన్నారు. నా కాగితం తీసుకుని, ఒకే జట్టులోని పతంగులను కలిపే రెండు గీతలను కొట్టేశారు. ఆరులో నాలుగు మిగిలాయి. సొంత జట్టు మాంజాలు చిక్కుపడాలని మేము పట్టుబట్టిన నిజం, పతంగులు బాగా ఎగరేసేవాళ్ళకు నిజమే కాదు. సర్వర్ పని అప్పటికీ చాలా మిగిలి ఉంది, కానీ ఫోన్ల వేడి సమస్య ఆ రెండు గీతలతో సగానికి పైగా తేలికైంది.

ఆ తర్వాత కూడా మేము తప్పాము. జూలై ఒకటిన మొదలు కావలసిన ర్యాంకుల సీజన్‌లో పాయింట్ల లెక్క తప్పుగా వస్తోందని నాలుగు రోజుల ముందు బయటపడింది. ఆ సాయంత్రమే, ఏ లెక్క ఎలా తప్పిందో ఒక ఉదాహరణతో రాసి, సీజన్ వాయిదా పడిందని, కొత్త తేదీ పరీక్షలు దాటాకే చెబుతామని ప్రకటించాను. తిట్లు వచ్చాయి. మలక్‌పేట అబ్బాయి వాటి కింద "పార్టు దొరకలేదంట, ఆగుండ్రి" అని రాశాడు. ఆ మాట మిగతావాళ్ళకు అర్థమై ఉండదు.

2023 డిసెంబరు 22న, శుక్రవారం, జట్టు పోటీని "చేస్తున్నాం" వరుసలో నుంచి తీసి "చేస్తాం" వరుసలో పెట్టాను. పది నిమిషాల్లో అతని సందేశం వచ్చింది. "ఈ సంక్రాంతేనా అక్కా?" నేను ఆ రోజు మొదటిసారి తేదీతో జవాబు రాశాను: "ఈ సంక్రాంతే తమ్ముడూ. జనవరి 12, శుక్రవారం. బిల్డ్ స్టోర్‌కు వెళ్ళిపోయింది."