ఫ్యాన్స్ మీట్‌కని బెంగళూరు పోతే అక్కడ నన్నయ తగిలినాడు

అనంతపురం నుంచి దేవనహళ్ళి దాకా బస్సు బాగానే వచ్చింది, అక్కడి నుంచి మెజెస్టిక్ చేరేదానికి పట్టిన టైంలో వెనక్కి తిరిగి కొడికొండ చెక్‌పోస్టు దాకా పోయి రావచ్చు. హెబ్బాళ్ ఫ్లైఓవర్ ట్రాఫిక్ గురించి రాయను, మీకందరికీ తెలిసిందే. నా పక్క సీటాయన చిక్కబళ్ళాపురం నుంచి ఫోన్లో గట్టిగా సైటు బేరం ఆడుతానే ఉన్నాడు, యలహంకలో ఆయన దిగేటప్పటికి ఆ సైటు రేటు నాకు కూడా నోటికొచ్చేసింది.

ఇంత కష్టపడి పోయింది ఎందుకంటే, వీల్ ఆఫ్ టైమ్ (రాబర్ట్ జోర్డన్ రాసిన ఫాంటసీ నవలల వరస, దాన్ని అమెజాన్ సీరియల్‌గా తీసింది) చదివినోళ్ళు, చూసినోళ్ళు, బెంగళూరులో ఉండే తెలుగోళ్ళు కొంతమంది శనివారం కబ్బన్ పార్కులో కలుస్తున్నారని ఫ్రెండ్ చెప్పినాడు. మా ఊర్లో ఈ పుస్తకాల గురించి మాట్లాడేదానికి ఒక్క మనిషి దొరకడు. ఒకసారి మా బావకు కథ చెప్పబోతే, ఏడు యుగాలు చక్రంలాగా తిరుగుతా ఉంటాయి, పోయిన యుగం మళ్ళీ వస్తుంది అనంగానే "ఇందులో కొత్తేముందిరా, మన పంతులుగారిని అడిగినా చెప్తాడు" అని టీవీ సౌండ్ పెంచినాడు. పద్నాలుగు పుస్తకాలు చదివిన మనిషికి ఎంత కాలి ఉంటుందో చూడండి.

మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్ ఎక్కితే కబ్బన్ పార్క్ ఎంతసేపు, దగ్గరే. (2025 ఫిబ్రవరిలో మెట్రో రేట్లు పెంచినారు కదా, ఎక్కువలో ఎక్కువ టికెట్ 60 నుంచి 90 అయింది. మనకెందుకులే, మన స్టాపు దగ్గరే.) పార్కులో శనివారం పొద్దున చాపలు, దుప్పట్లు పరుచుకుని ఎవరితో ఎవరూ మాట్లాడకుండా పుస్తకాలు చదువుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళ పక్కన పోయి మావాళ్ళు కూర్చున్నారు, ఏం తెలివో. ఐదు నిమిషాల్లో మా గొంతులు లేచినాయి, చుట్టుపక్కల పుస్తకాల్లోంచి ఒక్కొక్క తలకాయ పైకి లేచి మా వైపు చూడడం మొదలైంది. ఇంక లాభం లేదని లేచి చర్చ్ స్ట్రీట్ వైపు నడిచి ఒక కెఫేలో దూరినాం. పేరు చెప్పనులే గానీ అక్కడ కాఫీ 220 రూపాయలు, పైన ట్యాక్సు, అందులో సగం నురగ. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఈ డబ్బుకి మా టేబుల్ మొత్తానికి టిఫిన్ వస్తుంది.

సరే గొడవకొస్తా. మాలో వరంగల్ పిల్లోడు ఒకడు, సాఫ్ట్‌వేర్, పుస్తకాలు మొత్తం చదివినోడు, సీరియల్ పేరెత్తితే చాలు మండిపోతాడు. (పెరిన్ కథలో హీరోల్లో ఒకడు, సువాన్ మంత్రగత్తెల పెద్ద.) "పెండ్లే కాని పెరిన్‌కి పెండ్లాన్ని అంటగట్టి, మొదటి ఎపిసోడ్ల్నే ఆని చేతితోనే గొడ్డలితోని సంపిస్తరా? బుక్కుల అసొంటి ముచ్చటే లేదు. మల్ల మూడో సీజన్ ఆఖర్ల సువాన్ తలకాయ తీసేసిండ్రు, బుక్కుల ఆమె బతికే ఉంటది, ఎంత పెద్ద పని చేస్తదో తెల్సా" అని. ఎదురుగా విజయవాడ అమ్మాయి, ఆమె పుస్తకం ముట్టుకోలేదు, సీరియల్ మాత్రమే, అదీ మొదట తెలుగు డబ్బింగ్‌లో చూసిందంట. "తలకాయ తియ్యడం కాదండీ, అసలు సీరియల్‌నే తీసేశారు కదా, మూడో సీజన్‌లో గానీ బాగుపడలేదు, బాగుపడగానే ఆపేశారు, మాకు ఎవరు సమాధానం చెప్తారు" అని ఆమె. నిజమే, 2021 నవంబర్‌లో మొదలైంది, సీజన్‌కి ఎనిమిది ఎపిసోడ్లు, 2025 ఏప్రిల్‌లో మూడో సీజన్ అయిపోయింది, మే నెలకల్లా ఇంక లేదని చెప్పేసినారు. ఆమెకు వరంగలాయన ఏం చెప్పినాడంటే, "బుక్కులున్నయి కద, సద్వు". అంతే, టేబుల్ మీద మాటల్లేవు కాసేపు. ఈ పుస్తకం చదివినోళ్ళ పొగరు నాకు అస్సలు పడదు, నేనూ చదివినోడినే అయినా.

అప్పుడు మాట్లాడినాడు పెద్దాయన. అంతవరకు ఆయన ఎవరి నాన్నో తోడొచ్చినాడేమో అనుకున్నా నేను. హిందూపురం ఆయనంట, రిటైరైనాడు, మల్లేశ్వరంలో ఇల్లు. మా అందరికంటే ముందు చదివింది ఆయనే, మేమంతా మొత్తం రెడీగా ఉన్నాక చదివినోళ్ళం, ఆయన ఒక్కొక్క పుస్తకం కోసం కాచుకున్న మనిషి. ఆ మనిషి సీరియల్ పక్షం మాట్లాడతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

"ఏమప్పా, భారతంలో శశిరేఖ యాడుంది?" అన్నాడు. ఎవరికీ అర్థం కాలా. "మాయాబజార్ చూసి వ్యాసుడికి అన్యాయం చేసినారని ఎవరన్నా అన్నారా? పాండవులే లేకుండా భారతం తీసినాడు కె.వి.రెడ్డి, 1957 నుంచి ఇప్పటిదాకా చూస్తానే ఉన్నాం. పెరిన్‌కి పెండ్లాం పెడితే ఏం మునిగిపోయింది? వాడికి గొడ్డలి అంటే భయం, తన చేయి అంటే భయం. పుస్తకంలో అయితే వాడి మనసులో దూరి పేజీలు పేజీలు రాసినాడు, కెమెరా మనసులోకి ఎట్ల పోతుంది?" వరంగల్ పిల్లోడు ఊరుకుంటాడా, మాయాబజార్ బాగుంది కాబట్టి ఊరుకున్నరు, ఇది బాగలేదు అన్నాడు. అదీ నిజమే అనిపించింది. మొదటి సీజన్ నాకూ నచ్చలేదు, ఎవరు డ్రాగనో (అంటే మళ్ళీ పుట్టిన వీరుడు) చెప్పకుండా దాచి సస్పెన్స్ నడిపినారే గానీ కథలోని ఆ పల్లెటూరి పిల్లలంటే మనకు ప్రేమ పుట్టించలేదు.

కానీ పెద్దాయన అసలు పాయింటు వేరే. పదో పుస్తకం కథ చెప్పినాడు. తొమ్మిదో దాని చివర కథానాయకుడు రాండ్ ఒక మహా పెద్ద పని చేస్తాడు (చదవనోళ్ళ కోసం చెప్పను), అది చదివి రెండేళ్ళకు పైన కాచుకుంటే 2003లో పదోది వచ్చింది, అందులో ముప్పావు పుస్తకం అందరూ ఎక్కడెక్కడో నిలబడి దూరం నుంచి ఆ వెలుగు చూసి "ఏంది అది?" అనుకుంటా ఉంటారు. "ఆ పొద్దు నేను రచయితను తిట్టినంత మీరెవరూ సీరియలోళ్ళను తిట్టిండరు. 2005లో పదకొండోది వచ్చి కథ మళ్ళీ లేచి నిలబడింది. 2007లో మనిషే పోయినాడు." రాబర్ట్ జోర్డన్ పోయినప్పుడు అయిపోయింది, ఇంక ఈ కథ ఎవరూ ముగించరు అనుకున్నాడంట. ఆయన భార్యే ఆయన ఎడిటర్, ఆమె బ్రాండన్ శాండర్‌సన్ అనే ఇంకో రచయితను పిలిచి నోట్సులు చేతిలో పెట్టింది, ఒక్క పుస్తకం అనుకున్నది మూడైంది, 2013 జనవరిలో చివరిది వచ్చింది. "నన్నయ అరణ్యపర్వంలో ఆగిపోతే ఎర్రన రాలేదా, అట్ల."

ఇక్కడ విజయవాడ అమ్మాయి వేసిన మాటకు పక్క టేబుల్ వాళ్ళు కూడా తిరిగి చూసినారు, అంత నవ్వినాం. "అంకుల్, నన్నయ గారు రెండున్నర పర్వాలు రాశారు, మా వాళ్ళు మూడు సీజన్లు తీశారు, లెక్క సరిపోయింది. ఇప్పుడు మా ఎర్రన ఎవరో చెప్పండి. రాజరాజు ఉండుంటే బడ్జెట్ ఇచ్చేవాడు, మాకేమో అమెజాన్ దొరికింది."

తర్వాత గంటసేపు శాండర్‌సన్ ఎర్రనా తిక్కనా అనే దాని మీద కొట్టుకున్నారు. నేను ఇంటర్‌లో తెలుగు కాకుండా సంస్కృతం తీసుకున్నోడిని, మార్కుల కోసం, కాబట్టి నోరు మూసుకుని విన్నా. ఎర్రన నన్నయలాగా మొదలుపెట్టి తిక్కనలాగా ముగించినాడంట, పైగా దాన్ని రాజరాజుకే అంకితమిచ్చి నన్నయ పేరు నిలబెట్టినాడంట. శాండర్‌సన్ పాత గొంతును అనుకరించబోనని ముందే చెప్పేసి తన గొంతుతోనే రాసినాడు, అందుకే పన్నెండో పుస్తకంలో మ్యాట్ అనే పాత్ర జోకులు వేరే ఎవరో వేసినట్టు ఉంటాయి. కాబట్టి తిక్కన అని వరంగలాయన. చివరి పుస్తకం ముగింపు జోర్డన్ పోకముందు తానే రాసి పెట్టినాడు కదా, ముందూ వెనకా ఆయనే, మధ్యలో పూడ్చినోడు ఎర్రనే అని పెద్దాయన. నాకైతే పెద్దాయన మాటే నచ్చింది. గేమ్ ఆఫ్ థ్రోన్స్ వైపు తిరిగింది మాట ఒకసారి, అక్కడ సీరియల్ 2019లో ఎట్లనో ఒకట్ల ముగిసింది, ఐదో పుస్తకం 2011లో వచ్చింది, ఆరోదాని కోసం జనం ఇంకా కాచుకునే ఉన్నారు. పెద్దాయన ఆ పుస్తకాలు మొదలే పెట్టలేదంట. "పూర్తయినాక చెప్పండి, అప్పుడు చూస్తా" అన్నాడు, ఒకసారి కాలినోడు కదా.

బిల్లు చూసి అందరం గమ్మునైపోయినాం. పెద్దాయన ఇస్తానన్నా ఎవరూ ఒప్పుకోలేదు, తలా ఇంత వేసినాం.

అక్కడి నుంచి చర్చ్ స్ట్రీట్‌లోనే సెకండ్ హ్యాండ్ పుస్తకాల కోసం బ్లాసమ్‌కి పోయినాం. నాకు నాలుగోది కావాలి, ద షాడో రైజింగ్, ఇంట్లో ఉన్న కాపీ అట్టలూడిపోయింది. మూడో సీజన్‌లో రుయిడియన్ అనే ఊరి ఎపిసోడ్ దాంట్లోదే, రాండ్ ఆ గాజు స్తంభాల మధ్య నడుస్తా వాళ్ళ తాతముత్తాతల బతుకులు ఒక్కొక్క తరం వెనక్కి పోతా చూస్తాడే, అది. ఆ ముత్తాతలందరినీ ఆ ఒక్క నటుడే వేసినాడు, దానికి మాత్రం వరంగలాయన కూడా దండం పెట్టినాడు. నాలుగోది లేదు. పదోది మాత్రం ఉంది, ఒకటి కాదు, వరసగా! పెద్దాయన వాటిని చూసి "చూడప్పా, బెంగళూరంతా నా మాదిరే తిట్టుకుని తెచ్చి అమ్మేసినట్టుండారు" అన్నాడు.

విజయవాడ అమ్మాయి సీరియల్ ఆగిన చోటి నుంచి కథ కావాలని ఐదోది తీసుకుంది. మొదటి నుంచి చదువు, తేడాలొస్తయి అని వరంగలాయన మొత్తుకున్నా వినలేదు, నాలుగు పుస్తకాలు వెనక్కి పోయే ఓపిక నాకు లేదండీ అంది.

ఆదివారం గురించి రాసేదానికేం లేదు, లాల్‌బాగ్ పోయినా, జనం, ఎండ, పార్కింగ్ గోల. సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సెక్కితే ఏసీ పని చెయ్యలేదు, కండక్టర్‌ను అడిగితే కిటికీ తెరుచుకోమన్నాడు, ఏసీ బస్సులో కిటికీ ఎట్ల తెరుస్తారో ఆయనకే తెలియాలి. బాగేపల్లి దాటినాక గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది, ఆ అమ్మాయిదే.

"ఇదేంటండీ, సువాన్ బతికే ఉంది?"

కింద వరంగలాయన అప్పటికే టైప్ చేస్తా ఉన్నాడు.