కోళ్ళకు అప్పగించిన ఏడుపు

2019 అక్టోబరులో, ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌లో వైద్యం చదువుకుంటున్న రోజుల్లో, నా సహాధ్యాయిని ఒకామె వాళ్ళ అమ్మమ్మగారింటికి తీసుకెళ్ళింది. ప్రూత్ నది వెంట యారెమ్చె, వొరోఖ్త దాటి, కనుమ ఎక్కి దిగితే వెర్ఖోవినా. కార్పాతియన్ కొండల్లోని హుత్సుల్ ప్రజల సీమ అది. 1962 దాకా ఆ ఊరిని ఝాబ్యె అనేవారు. మేము చదువుకునే ఊరికీ ఆ ఏడాదే కొత్త పేరు వచ్చింది.

మొదటి రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. స్నేహితురాలి అక్కకు రెండు నెలల పసివాడు. పొద్దు గూకగానే పిడికిళ్ళు బిగించి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని ఏడుపు అందుకున్నాడు. తెల్లవారేసరికి ఆ తల్లి కళ్ళు లోపలికి పోయాయి.

"నిచ్నిత్సి పట్టాయి" అంది అమ్మమ్మ. అందరిలాగే నేనూ ఆమెను బాబ అనే పిలిచాను. నిచ్ అంటే రాత్రి. వింటుంటే మన 'నిశ' చెవిలో మెదిలింది. రాత్రిపూట వచ్చి పసివాళ్ళ నిద్ర ఎత్తుకుపోయే శక్తులు నిచ్నిత్సి. ఆ నిద్రలేమినీ, ఆగని ఏడుపునూ కూడా ఆ మాటతోనే పిలుస్తారు. ఒక జాతి గబ్బిలానికీ అదే పేరు. చీకటి పడ్డాక పసివాడి బట్టలు బయట ఆరనివ్వకూడదట, ఖాళీ ఉయ్యాల ఊపకూడదట. పగలంతా బాబ ఇవన్నీ చెబుతూ పొయ్యి దగ్గర మొక్కజొన్న పిండిని మీగడలో ఉడికిస్తూనే ఉంది.

ఈ ఏడుపు ఆరో వారం దగ్గర ముదిరి, మూడు నాలుగు నెలలకు దానంతట అదే తగ్గుతుందని నేను పుస్తకంలో చదివినది చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "సరే దోన్యు" అంది. దోన్యు అంటే 'బిడ్డా' అని. "కానీ ఈ రాత్రి సంగతేమిటి?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం ఆమె మునిమనవడిని శాలువాలో చుట్టి కోళ్ళ కొట్టంలోకి తీసుకెళ్ళింది. వెనకే నేను. లోపల ఎండుగడ్డి వాసన, వెచ్చదనం. అడ్డకర్ర మీద కోళ్ళు ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. నాకు దగ్గరగా ఉన్న పెట్ట కింది రెప్పను మెల్లగా పైకి తెచ్చి కన్ను మూసింది. బాబ వాటికి సాయంకాలపు పలకరింపు చెప్పి, గొంతు తగ్గించి బేరం పెట్టింది: ఈ నిచ్నిత్సిని మీరు తీసుకోండి, మీ నిద్ర మా వాడికి ఇవ్వండి. పొద్దు గూకగానే కోడిలా నిద్రపోయే ప్రాణి ఇంకేముంది? అడిగితే వాటినే అడగాలి. ఆ మాటల్లోని మర్యాద నన్ను కదిలించింది. పొరుగింటికి వెళ్ళి చేబదులు అడిగినట్టే ఉంది.

ఇంట్లోకి వచ్చాక బాబ మనవరాలితో, "ఇక నువ్వు పడుకో, పని అయిపోయింది" అని, పాలు పట్టించి పిల్లవాడిని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసుకుంది.

రాత్రి రెండింటికి వాడు మళ్ళీ ఏడ్చాడు. తలుపు సందులో దీపపు వెలుగు, అటూ ఇటూ నడుస్తున్న బాబ అడుగుల చప్పుడు. పక్క మంచం మీద వాడి తల్లి కదలలేదు. నోరు కాస్త తెరుచుకుని, ఒక చెయ్యి మంచం పట్టె మీదుగా వేలాడేసి, గాఢంగా నిద్రపోతోంది.