నూజివీడు స్టేషన్‌లో దిగితే నూజివీడు రాదు

నూజివీడు వెళ్ళాలంటే నూజివీడు స్టేషన్‌లో దిగకూడదని నాకెవరూ చెప్పలేదు. రాత్రి విజయనగరంలో బండెక్కి, తెల్లవారుజామున ఏలూరులో దిగి, అక్కడ పాసింజరు పట్టుకుని, పసుపు బోర్డు మీద ఊరి పేరు చూసి సంబరంగా దిగాను. తీరా చూస్తే అది హనుమాన్ జంక్షన్ పక్కన ఉంది, ఊరు ఇంకా దాదాపు 20 కిలోమీటర్లట. బయట ఒకే ఒక్క ఆటో ఉంది. ఊళ్ళోకి 500 అడిగాడు. విజయనగరం నుంచి ఏలూరుకి నేను పెట్టిన స్లీపర్ టికెట్ కన్నా అది ఎక్కువ! ఒళ్ళు మండి, జంక్షన్ దాకా 30 రూపాయలిచ్చి షేర్ ఆటోలో వెళ్ళి, ఆంజనేయస్వామికి ఓ దండం పెట్టుకుని, బస్సు కోసం ముప్పావుగంట నిలబడ్డాను.

ఇదంతా నాన్న కోసం. నాన్న ఫైర్ సర్వీసులో పనిచేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో ఎస్వీ రంగారావు గురించి మాట్లాడితే ముందు సినిమా పేరు రాదు, "మా డిపార్ట్‌మెంట్ వాడురా" అని వస్తుంది. అది నిజమే. రంగారావు కాకినాడ పి.ఆర్. కాలేజీలో బీఎస్సీ చదివి, సినిమాల్లోకి వెళ్ళకముందు బందరులోనూ మా విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసరుగా చేశాడు. నాన్న ఉద్యోగంలో చేరేసరికి ఆయన మొదటి సినిమా వచ్చి పాతికేళ్ళు దాటింది, అయినా స్టేషన్లో పెద్దవాళ్ళు ఆయన సంగతులు చెప్పుకునేవారట. మోకాళ్ళ నొప్పులతో నాన్న ఇప్పుడు ఎక్కడికీ కదల్లేడు. రంగారావు పుట్టిన ఊరు నూజివీడు ఒకసారి చూసిరా, ఇల్లు దొరికితే ఫోటో తీసుకురా అన్నాడు. 1918 జూలై 3న పుట్టాడు కాబట్టి ఆ తేదీకే వెళ్ళమన్నాడు. సెలవు పెట్టి వెళ్ళాను.

బస్సు వచ్చింది. ట్రిపుల్ ఐటీ పిల్లల బ్యాగులతో సగం నిండిపోయి ఉంది. ఒక మామ్మగారు కాళ్ళ దగ్గర రసాల బుట్ట పెట్టుకుని, పక్క సీటు మీద సంచి ఉంచారు. నన్ను చూసి సంచి తీసి "కూర్చో నాయనా, ఆఖరు కాయలు, తొక్కకు" అన్నారు. ఏ ఊరు, ఎవరింటికి అని అడిగారు. ఎవరింటికీ కాదండీ, ఎస్వీ రంగారావు పుట్టిన ఊరు చూడటానికి అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం వంక చూసి, "ఘటోత్కచుడా?" అన్నారు.

ఆ తర్వాత దారి పొడుగునా ఆవిడే మాట్లాడారు. బయట మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి, నేను చూడనేలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊరికి టూరింగ్ టాకీస్ డేరా వచ్చేదట. పాతాళభైరవి చూసి వచ్చిన రాత్రి మాంత్రికుడు గుర్తొచ్చి పెరట్లోకి వెళ్ళడానికి ఇంట్లో ఆడపిల్లలు ముగ్గురూ చేతులు పట్టుకుని కదిలేవాళ్ళట. ఆ సినిమా 1951లో వచ్చింది, అప్పటికి రంగారావుకి ముప్పై మూడేళ్ళు కూడా లేవు అని నేను చెబితే ఆవిడ నమ్మలేదు. "ముసలాడు కాదూ!" అన్నారు. ఆవిడనే కాదు, అందరినీ అలాగే నమ్మించాడాయన. గుండమ్మకథలో ఎన్టీఆర్‌కి తండ్రి వేషం వేశాడు, ఇద్దరికీ మధ్య ఉన్నది అయిదేళ్ళ తేడానే.

మాయాబజార్ గురించి మామ్మగారు చెప్పినది మాత్రం నేను ఎక్కడా చదవలేదు, నాకూ ఎప్పుడూ తోచలేదు. రంగారావు తెర మీద ఉన్నప్పటి కన్నా లేనప్పుడే తనకి బాగా కనిపించాడన్నారు. ముందు అర్థం కాలేదు. మాయా శశిరేఖ సంగతి! ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ద్వారకలో తిరుగుతాడు కదా, అక్కడ ఉన్నది సావిత్రి, కానీ ఆ అడుగు, ఆ భుజాలు విరుచుకోవడం అంతా రంగారావుది. "ఆ పిల్ల నడుస్తుంటే మా కళ్ళకి మీసాలు కనిపించాయయ్యా" అంటూ మామ్మగారు బస్సులో కూర్చునే భుజాలు వెడల్పు చేసి, గడ్డం పైకెత్తి, కుడిచేత్తో లేని గదని పట్టుకున్నారు. ఎముకలు తేలిన చిన్న మనిషి. ఒక్క క్షణం నిజంగా ఆయనే కనిపించాడు. ముందు సీట్లో కుర్రాడు వెనక్కి తిరిగి, చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసి చూస్తూ ఉండిపోయాడు.

సావిత్రి గొప్పతనం సరే, అది చెప్పనక్కర్లేదు. కానీ ఒక మనిషి నడక ఎంత గుర్తుండిపోయేదైతే ఇంకొకరి ఒంట్లోంచి కూడా చూసేవాళ్ళు దాన్ని పోల్చుకుంటారు? అదీ డేరాలో, నేల మీద కూర్చున్న పదేళ్ళ పిల్ల.

ఇంతకీ ఆయన ఇక్కడివాడేనని మీకు తెలుసా అని అడిగాను. "మద్రాసు మనిషనుకున్నా" అన్నారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు. నూజివీడులో పుట్టాడన్న మాటే గానీ పెరిగింది నాయనమ్మ దగ్గర మద్రాసులో, ఆ తర్వాత ఏలూరు, విశాఖపట్నం. నాటకాలు కాకినాడలో. మొదటి సినిమా వరూధిని ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగం చేసుకున్నాడు. 1950లో షావుకారులో సున్నం రంగడు వేషం వేసేదాకా ఆయనకి స్థిరంగా ఒక ఊరంటూ లేదు.

ఊళ్ళో గడిపిన నాలుగు గంటల గురించి రాయడానికి పెద్దగా లేదు. నేను అడిగిన వాళ్ళలో ఇల్లు చూపించగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక మందుల షాపాయన మాత్రం ఆప్యాయంగా కూర్చోబెట్టి, కీలుగుర్రం తీసిన మీర్జాపురం రాజావారు ఈ పక్కవారేనండీ అని జమీందారుల కథ ఎత్తుకున్నాడు. భోజనం 140 రూపాయలు, రెండోసారి పప్పు అడిగితే వడ్డించే కుర్రాడు విసుక్కున్నాడు. ఎండకి తల తిరిగింది. నర్తనశాలలో కీచకుడి వేషానికి రంగారావుకి జకార్తాలో ఉత్తమ నటుడని బహుమతి ఇచ్చారు, 1964లో. అంత దూరంలో గుర్తుపట్టారు, పుట్టిన వీధి చెప్పేవాళ్ళు నాకిక్కడ దొరకలేదని మనసు చాలా కష్టపెట్టుకున్నాను. కానీ మా విజయనగరంలో మాత్రం? ఆయన పనిచేసిన ఆఫీసు ఏదో నాన్న తరం తర్వాత చెప్పేవాళ్ళే ఉండరు. నన్ను అడిగితే నేను చూపించలేను.

తిరిగి వచ్చి ఫోటోలు చూపిస్తే నాన్న ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాడు. స్టేషన్ బోర్డు, బస్సు, మామిడి తోట, అంతే ఉన్నాయి. ఇల్లు దొరకలేదన్నాను. ఆయన ఏమీ అనకుండా, రంగారావు 1974లో జూలై 18న పోయాడు, యాభై ఆరు నిండి పదిహేను రోజులు అన్నాడు. నాన్నకిప్పుడు డెబ్బై నాలుగు. తాను అప్పుడు ట్రైనింగులో ఉన్నాడట, ఆ రోజు డ్రిల్లు అయ్యాక వాళ్ళ ఆఫీసరు అందరినీ రెండు నిమిషాలు నిలబెట్టాడట. ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు మామ్మగారి మాట చెప్పాను. భుజాలు, గడ్డం, గద, నాకు చేతనైనట్టు చేసి చూపించాను. నాన్న ఫోను పక్కన పెట్టేశాడు.

"ఆవిడ ఎక్కడ కూర్చుని చూసిందట?"

"నేల టిక్కెట్టేనట."

"నేనూ అక్కడే," అన్నాడు. "ఇంకోసారి చెయ్యి."