ఒక కౌంటర్ గోల్ కోసం మూడు వారాలు

బెంగళూరు మారతహళ్లి పీజీలో మూడు వారాలుగా రాత్రిళ్లు ఒకటే పని: ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ గేమ్‌లో కౌంటర్ ఎటాక్ టాక్టిక్ తయారు చేయడం. 2015-16లో రానియేరి కోచింగ్‌లో లెస్టర్ సిటీ 4-4-2 ఫార్మేషన్‌తో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ గెలిచిన తీరంటే నాకు ప్రాణం. బంతి ఎదుటివాళ్ల దగ్గరే ఉండనిచ్చి, దొరకగానే స్ట్రైకర్ వార్డీ పరుగు!

మొదట డిఫెన్స్‌ని బాగా వెనక్కి దించి అందరినీ బాక్స్ ముందు పేర్చాను. వరుసగా ఓటములు. బంతి లాక్కున్నా స్ట్రైకర్ ఒక్కడే ముందు మిగిలేవాడు. మ్యాచ్‌లు మళ్లీ మళ్లీ చూస్తే తెలిసింది: ఎదుటి డిఫెన్స్ వెనక బోలెడంత ఖాళీ ఉంది, అక్కడికి పరిగెత్తేవాళ్లే లేరు. కుడి వింగర్‌ని ఎటాక్‌కి మార్చాను. మధ్యలో దూరం పాస్‌లు వేయగల కుర్రాడిని పెట్టాను.

నిన్న రాత్రి, 78వ నిమిషం. వాళ్ల కార్నర్. మా సెంటర్ బ్యాక్ తలతో కొట్టాడు, ఆ కుర్రాడు ఒక్క టచ్‌లో కుడివైపు ఖాళీలోకి వేశాడు, వింగర్ పరుగు, అడ్డంగా పాస్... గోల్!

అరిచేశాను. పక్క మంచం మీది గుంటూరు తమ్ముడు ఉలిక్కిపడి లేచి "ఏమైందన్నా?" అన్నాడు. రీప్లే చూపించాను. నిద్రకళ్లతోనే, "ఆ రెండో పాస్ మళ్లీ పెట్టన్నా" అన్నాడు.