అక్క ఇంట్లో చలిమంట

నవంబరులో అక్క వాళ్ల ఇంటికి వెళ్లాను. ఇంగ్లండులో యార్క్‌షైర్ డేల్స్. స్కిప్టన్ ఊరు దాటాక దారికి రెండు వైపులా పేర్చిన రాతిగోడలు, వాటి వెనక తడిసిన గొర్రెలు. ఇల్లు విక్టోరియా రాణి కాలం నాటిది. హాల్లోని ఫైర్‌ప్లేస్‌ను ఎవరో ఎప్పుడో చెక్కపలకతో మూసేశారు. దాన్ని తెరిచి కట్టెల మంట వేయాలని బావగారి పట్టుదల. కొండలు చూద్దామని వెళ్లినవాణ్ని, మసి ఎత్తడంతోనే సరిపోయింది.

పొగగొట్టాలు శుభ్రం చేసే ఆయన వచ్చి, కర్రలు ఒకదానికొకటి బిగిస్తూ బ్రష్షును పైకి తోశాడు. సగంలో ఆగిపోయింది. జాక్‌డా అని కాకి జాతి పక్షి ఒకటి ఉంది. పొగగొట్టాన్నే చెట్టుతొర్ర అనుకుని అందులో గూడు కడుతుంది. రెండు బస్తాల పుల్లలు దిగాయి. తర్వాత పొగబిళ్ల వెలిగించి, పై గదుల్లో ఎక్కడైనా పొగ కారుతోందేమో చూశాడు. ఎక్కడా కారలేదు.

ఆయన అటు వెళ్లగానే మేము ఆగలేక కట్టెలు పేర్చే ఇనుప ఊచల చట్రం పెట్టి మంట వేశాం. పొగంతా హాల్లోకే వచ్చింది. నేను అలవాటుగా వంగి ఊదాను, ఇంట్లో అమ్మ ఊదుగొట్టంతో ఊదినట్టు. పొగ ఇంకా పెరిగింది! గోడకు కొత్తగా తగిలించిన కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం కూతపెట్టకముందే కిటికీలన్నీ తెరిచాం.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చి టేపుతో కొలిచాడు. గొట్టం లోపలి వైశాల్యం పొయ్యి నోటి వైశాల్యంలో కనీసం 15 శాతం, అంటే దాదాపు ఏడో వంతు, ఉండాలట. మా పొయ్యి నోరు మరీ పెద్దది. పై అంచున రేకు బిగించి తగ్గించాడు. చల్లని గొట్టం పొగను లాగదని, ముందు కాగితం ఉండ ఒకటి పైకెత్తి కాల్చి గొట్టాన్ని వేడిచేశాడు. మేము కొన్న కట్టెల్లోనూ తేమ ఎక్కువే. 20 శాతం లోపు ఉండాలి. తన బండిలోని యాష్ అనే చెట్టు కట్టెలు నాలుగు ఇచ్చాడు. ఈసారి పొగ బుద్ధిగా పైకి పోయింది.

పొగతోపాటు వేడీ పోయింది. ఇలాంటి మంటలో వేడి చాలావరకు ఆకాశానికే. పైగా గదిలోని వెచ్చటి గాలినీ లాక్కుపోతుంది. మోకాళ్లు కాలుతున్నాయి, వీపు వణుకుతోంది. బావగారు మాత్రం మంటకేసి చూస్తూ మురిసిపోతున్నారు.

"ఎంత బాగుందో కదా!" అన్నారు.

"బాగుందండీ" అని అక్క లేచి గదిని వేడిచేసే రేడియేటర్ పెంచి, నా వీపు మీద శాలువా కప్పింది.