డెర్ బుటర్, డీ బుటర్

ఇవాళ పొద్దున డ్యూటీ. ఆరింటికల్లా వార్డులో ఉండాలి. నేను నడిచి వెళ్ళేసరికి బయట ఇంకా చీకటే. ష్టుట్‌గార్ట్‌కు దగ్గర్లో ఉన్న ఈ దక్షిణ జర్మనీ చిన్న ఊరి వృద్ధాశ్రమంలో నర్సుగా చేరి ఏడాది దాటింది. పని చేతికి అలవాటైంది కానీ జర్మన్ ఆర్టికల్స్, అంటే ప్రతి నామవాచకం ముందు దాని లింగాన్ని బట్టి వచ్చే డెర్ (పుంలింగం), డీ (స్త్రీలింగం), డాస్ (నపుంసకలింగం), ఇంకా నోటికి పూర్తిగా అలవాటు కాలేదు.

ఎనిమిదింటికి టిఫిన్ ట్రేలు ఇస్తున్నాను. కిటికీ పక్క గదిలో ఒక అవ్వ ఉంటుంది. మనసులో అవ్వ అనే అనుకుంటాను, పైకి మాత్రం "ఫ్రావ్" అని ఇంటిపేరుతో పిలవాలి. ఆవిడ బ్రెడ్డు వైపు చూపించి "డెర్ బుటర్" ఏదని అడిగింది. వెన్న తీసి ఇచ్చాను కానీ మనసు అక్కడే ఆగిపోయింది. హైదరాబాద్‌లో క్లాసుకు వెళ్ళిన రోజుల నుంచి నాకు అది "డీ బుటర్". స్త్రీలింగం. ఇన్నాళ్ళూ తప్పు నేర్చుకున్నానా అని టెన్షన్ వచ్చి, ట్రేలు అయిపోయాక ఫోన్లో నిఘంటువు తీశాను. డీ అనే ఉంది.

ఇక్కడే పుట్టి పెరిగిన సహోద్యోగిని అడిగితే విషయం తెలిసింది. ఈ ప్రాంతపు స్వాబియన్ యాసలో వెన్న పుంలింగమట. పక్క రాష్ట్రం బవేరియా వాళ్ళూ డెర్ అనే అంటారట. రేడియో కూడా అంతే, పుస్తకంలో "డాస్", ఈ దక్షిణాదిలో చాలామంది నోట "డెర్". వెన్నలో ఆడతనం గానీ మగతనం గానీ ఎక్కడుందో వెతకడం అప్పటితో మానేశాను. అవ్వ చిన్నప్పుడు ఇంట్లో విన్న మాట అది. మాటతో పాటే డెర్ కూడా వచ్చింది, విడిగా నేర్చుకున్నది కాదు. నేను కూడా అలాగే, రెండూ కలిపి ఒకే మాటగా నోట్లో వేసుకోవాలి.

ఆ ట్రేలోనే చెంచా, ఫోర్కు, కత్తి ఉంటాయి. డెర్ లోఫెల్, డీ గాబెల్, డాస్ మెసర్. ఒకే ట్రేలో మూడు లింగాలు. నాకు ఎక్కువ ఇబ్బంది వీటితో కాదు, విభక్తితో. కష్టపడి "డీ గాబెల్" అని గుర్తు పెట్టుకుంటానా, "ఫోర్కుతో" అనాలంటే "మిట్ డెర్ గాబెల్" అవుతుంది. డెర్ అని వినగానే పుంలింగమేమో అనిపిస్తుంది. కాదు, అది మారిన డీ. మొదట్లో నర్సింగ్ రిపోర్టులో సరిగ్గా రాసినదాన్ని కూడా నేనే కొట్టేసి తప్పు చేసేదాన్ని. ఇప్పుడు మాటను ఒంటరిగా రాసుకోవడం మానేసి, వాక్యంలో పెట్టి పైకి చదువుకుంటున్నాను. ఫలితం కనిపిస్తోంది.

ఆసుపత్రి మాటలు కొంత దయ చూపిస్తాయి. "ఉంగ్"తో ముగిసే నామవాచకాలు దాదాపు అన్నీ డీ. పరీక్షకు ఉంటర్‌జూఖుంగ్, టీకాకు ఇంప్‌ఫుంగ్, మంటతో కూడిన వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్‌కు ఎంట్‌సుండుంగ్. ఇవి రాసేటప్పుడు చెయ్యి ఆగదు. సమాసాల్లో చివరి మాటే నిర్ణయిస్తుంది. రక్తం డాస్ బ్లూట్, ఒత్తిడి డెర్ డ్రుక్, కాబట్టి బీపీ డెర్ బ్లూట్‌డ్రుక్. దాన్ని కొలిచే యంత్రం చివర "గెరేట్" (పరికరం) ఉంది, గెరేట్ డాస్ కాబట్టి అదీ డాస్. ఎంత పొడుగు మాటయినా చివరి ముక్క పట్టుకుంటే చాలు. నాకు ఈ నియమం చాలా ఇష్టం.

మధ్యాహ్నం ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సుతో కలిసి భోంచేశాను. వాళ్ళ తగాలోగ్‌లో అతనికీ ఆమెకూ ఒకటే మాట, "సియా". అమ్మాయిని "డాస్ మేడ్‌షెన్" అని నపుంసకలింగంలో అనడం తనకు ఇప్పటికీ బాధగా ఉంటుందంది. చిన్నదనాన్ని చెప్పే "షెన్" చివర చేరితే ఏ మాటైనా డాస్ అవుతుందని, అది అమ్మాయిని తగ్గించడం కాదని చెప్పాను. "మీ భాషలో ఎలా?" అని అడిగింది. చెప్పబోయి ఆగాను. అబ్బాయి వచ్చాడు. అమ్మాయి వచ్చింది. బస్సు వచ్చింది. మనం అమ్మాయికీ బస్సుకూ ఒకటే క్రియ వాడతాం కదా! అదే నలుగురైతే, అమ్మాయిలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఒక్కతిగా ఉంటే వస్తువులతో, గుంపుగా ఉంటే మగవాళ్ళతో. బడిలో మహత్తు, అమహత్తు అని బట్టీ పట్టిన పాఠం ఇదే. ఇన్నేళ్ళూ మాట్లాడుతూ ఒక్కసారైనా గమనించలేదు. మా అమ్మ నన్ను "బిడ్డ వచ్చింది" అన్నప్పుడు ఎంత ప్రేమగా వినిపిస్తుందో నాకు తెలుసు. డాస్ మేడ్‌షెన్ అన్న మాట జర్మన్ తల్లి నోట కూడా అలాగే ఉంటుందేమో.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మన చట్నీ ఇక్కడ డాస్ చట్నీ, చీర డెర్ సారీ అని చెబితే కాసేపు మాట్లాడలేదు.

"చీర మొగోడా బిడ్డా?"

"వాళ్ళ భాషల అంతేనమ్మా."

"మరి రైక?"

డీ బ్లూజె అన్నాను. అమ్మకు తృప్తిగా అనిపించినట్టుంది, ఇంకో నాలుగు మాటలు అడిగింది. పసుపుకు, చింతపండుకు, గాజులకు. తెలిసినవి చెప్పాను, మిగిలినవి రేపు చూసి చెబుతానన్నాను.

నా నోట్‌బుక్కులో డెర్ మాటలు నీలంలో, డీ ఎరుపులో, డాస్ ఆకుపచ్చలో రాసుకుంటాను. సారీ నీలంలో చేరింది. వెన్న చాలా రోజుల కిందటే ఎరుపులో ఉంది, పరీక్షకైనా రిపోర్టుకైనా అదే సరి. దాని పక్కనే నీలం పెన్నుతో డెర్ అని రాసి, "కిటికీ గది అవ్వ" అని పెట్టుకున్నాను.