షోనాయ్ మైదానంలో కమెనోఓ వరి

ఉత్తరాన చోకాయ్, ఆగ్నేయాన గస్సాన్ కొండలు కాపుగా నిలిచి, పడమట జపాన్ సముద్రం వరకు పరచుకున్న షోనాయ్ మైదానానికి నేను ఫిబ్రవరిలో వెళ్ళాను. వరిచేలు చూడడానికి అది అనువైన కాలం కాదు గాని, బియ్యంతో చేసే జపాన్ మద్యం సాకే తయారయ్యేది మాత్రం ఆ చలిలోనే. అమరుమే స్టేషన్‌లో రైలు దిగేసరికి నేలమీది మంచును గాలి ఎగరగొట్టి అడ్డంగా విసురుతోంది. మడిగట్ల ఆనవాలైనా కనిపించలేదు.

నన్ను అంతదూరం రప్పించింది కమెనోఓ అనే పాత వరి. 1893లో చలి దెబ్బకు ఈ ప్రాంతపు పంట పాడైనప్పుడు, కుమగాయ్ దేవాలయానికి వెళ్ళిన అబే కమేజీ అనే రైతు, తక్కిన పైరు దెబ్బతిన్న మడిలో మూడు వెన్నులు మాత్రం నిలిచి ఉండడం గమనించి, వాటిని అడిగి తెచ్చుకుని, ఏళ్ళ తరబడి మంచి దుబ్బులను ఏరుతూ ఈ రకాన్ని స్థిరపరచాడు. నేడు జపాన్‌లో అత్యధికంగా పండే కోషిహికారికి ఇది పూర్వీకుల్లో ఒకటి. అయినా పొడుగు పైరు కావడంతో, రసాయనిక ఎరువులు వచ్చాక ఏపుగా పెరిగి పడిపోసాగింది. పురుగు తాకిడికీ తట్టుకోలేక చేలనుంచి తప్పుకుంది. 1960లలో ఐఆర్-8 వంటి పొట్టి రకాలు వచ్చాక గోదావరి డెల్టాలో మన పొడుగు వరులకు పట్టిన గతీ ఇదే కనుక ఆ కథ నాకు పరాయిదిగా తోచలేదు.

దానికి మళ్ళీ ప్రాణం పోసినవారు సాకే తయారీదారులు. 1980 ప్రాంతంలో నీగాతాకు చెందిన కుసుమి సంస్థ సుమారు 1500 గింజలు సంపాదించి, వాటినే విత్తనంగా పెంచుకుంటూ పోయింది. తినేవారికి అక్కరలేకపోయిన వరిని ఒక రుచి కోసం వెతుక్కున్నవారు నిలబెట్టారు; విత్తనాన్ని శీతల గిడ్డంగిలో దాచడం కన్నా ఇదే గట్టి రక్షణ అని నా నమ్మకం.

నేను చూసిన చిన్న తయారీశాలలో, ముందురోజు నత్తో తినవద్దని తోజీ గారు, అంటే ప్రధాన నిపుణులు, ముందే కబురు చేశారు. పులిసిన ఆ సోయా గింజల్లోని సూక్ష్మజీవి కోజీ బూజుకు హాని చేస్తుందట. పాలిష్ పట్టి సగం బరువుకు తగ్గించిన బియ్యాన్ని కడిగి, సెకన్లు లెక్కపెడుతూ నానబెట్టారు. నీరు కాస్త ఎక్కువ పీల్చినా గింజ చెడుతుంది. ఆవిరిపై ఉడికిన బియ్యంలో కొంత భాగాన్ని వెచ్చని దేవదారు గదిలో పరిచి, కోజీ చల్లి, రెండు రోజులపాటు రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉంటారు. తక్కిన అన్నం, కోజీ, నీరు నాలుగు రోజుల్లో మూడు విడతలుగా తొట్టిలో చేరతాయి. కోజీ పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుండగానే ఈస్టు ఆ చక్కెరను మద్యంగా మారుస్తుంది. రెండు పనులూ ఒకే తొట్టిలో సాగడం వల్లనే, బట్టీ పట్టకుండానే మద్యం మోతాదు ఇరవై శాతం దగ్గరకు చేరుతుంది.

సాయంత్రం తోజీ గారు కమెనోఓ సాకేను చల్లగా ఒకసారి, వెచ్చచేసి మరొకసారి పోశారు. చల్లగా ఉన్నప్పుడు పులుపు ముందుకొచ్చింది. వెచ్చబడ్డాక అన్నపు కమ్మదనం తేలింది. నాకు రెండోదే నచ్చింది.